కెమెరా ఎన్నో ఈత?

మా మేనమామ జీవితంలో కెమెరా పట్టుకుని ఎరగడు. ఫోనిచ్చి ఫోటో తీయమంటే తన ముక్కే తీసుకుంటాడు. అయినా సరే, సెకండ్ హ్యాండ్ కెమెరా చూడటానికి నరసరావుపేట వెళ్ళిన రోజు ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళాను. మా వాళ్ళలో అంతే. ఫ్రిజ్జు కానీ, మోటారు సైకిలు కానీ, కుట్టుమిషను కానీ, ఇంకొకరు వాడిన వస్తువు కొనాలంటే మామయ్య రావాలి. ఆయన తల ఊపితేనే అది గడప దాటి లోపలికొస్తుంది.

ఈ అధికారం ఆయనకు గేదెల వల్ల వచ్చింది. రొంపిచెర్ల దగ్గర ఒక పల్లె ఆయనది. ఆ చుట్టుపక్కల ఎవరు పాడిగేదె కొనబోయినా ఈయన్ను ముందు నిలబెట్టుకుంటారు. ఈయన దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, పళ్ళు చూసి, తోక ఎత్తి, పొదుగు తట్టి, గుటకలు మింగుతూ నిలబడ్డ ఆసామి వంక జాలిగా చూసి "వద్దులే" అంటాడు. ఆ ఒక్క మాట మీదే ఆయన పరువంతా నిలబడి ఉంది. మా అత్తను అడిగితే మాత్రం, ఊరందరి గేదెలకూ వంకలు పెట్టే ఈ మనిషి సొంతానికి కొన్నవాటిలో తన్నని గేదె ఒక్కటీ లేదని చెబుతుంది.

నాకు గేదెలతో పనిలేదు. గురజాలలో మా ఇంటి వీధి గదిలో జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తాను. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, సూదితో పూలూ తీగెలూ ఎక్కించే పని. పెళ్ళిళ్ళ కాలంలో అన్నం కూడా చట్రం పక్కనే తింటాను. నా పేరంతా రంగులు కలపడంలో ఉంది. నరసరావుపేటలో నేను సరుకు తెచ్చుకునే దారాల కొట్టులో రంగుల కార్డు చూపించబోతే "అది కొత్తవాళ్ళకు చూపించుకోండి" అనేదాన్ని. గుడ్డ వంక ఒకసారి చూసి డబ్బాలో చెయ్యి పెడితే సరైన ఉండ దొరకాలి. దొరికేది. నా గొప్ప నేను చెప్పుకోవడం కాదు, చెప్పుకోవడమే అనుకోండి, అబద్ధం మాత్రం కాదు.

అట్లాంటి నాకు ఏడాదిగా ఫోటోల పీడ పట్టుకుంది. ఇప్పుడెవరూ ఇంటికొచ్చి గుడ్డ తాకి చూడరు. పని సగంలో ఉండగానే ఫోటో పెట్టమంటారు, పెడితే వంకలు పెడతారు. ఆకుపచ్చ కలవలేదని ఒకరు, ఆకాశం రంగు అడిగితే పిస్తా వేశారని ఒకరు. నా ఫోనులో చూసుకుంటే అన్నీ నిక్షేపంగా ఉండేవి. కాబట్టి తప్పు నాది కాదు, పంపేటప్పుడు దారిలో ఎక్కడో రంగు చెడిపోతోందని తేల్చేశాను. ఊళ్ళో పాతవాళ్ళు కొందరు రావడం మానేశారు. వాళ్ళు ఏమీ అనలేదు కాబట్టి, పిడుగురాళ్ళలో కొత్తగా వెలిసిన ఏసీ దుకాణాలకు పోతున్నారని వాళ్ళనూ తిట్టుకున్నాను.

చివరకు మాచర్ల నుంచి ఒక పెళ్ళికూతురి తల్లి ఫోను చేసింది. ముదురు నీలం పట్టు మీద అదే నీలం దారంతో తీగెలు, మధ్యలో జరీ పూలు, అదీ ఆమె అడిగింది. ఫోటో చూసి నిప్పులు కక్కింది.

"నీలం మీద నీలం చెప్పాం గదండీ, నల్ల దారం ఏశారేంది?"

"నలుపు కాదమ్మా, నీలమే. ఫోటోలో అట్టా పడింది."

"అయితే సరిగ్గా పడేది పెట్టండి. అది చూసి చెప్తాం, మిగతా జాకెట్లు మీకియ్యాల్నో వద్దో."

మిగతా జాకెట్లంటే పెళ్ళింటి ఆడవాళ్ళందరివీ. అవి వస్తే నాకు వేసవి దాకా చేతినిండా పని. రాకపోతే, ఆమె మాచర్ల అంతా చెబుతుంది, మాచర్ల నుంచి గురజాలకు మాట రావడానికి బస్సు కూడా అక్కర్లేదు. అందుకే మంచి కెమెరా కొని, ఆ జాకెట్టును ఫోటో తీసి ఆమె మొహాన కొట్టాలని పట్టుబట్టాను. నాపరాళ్ళ లారీ నడిపే మా ఆయన విని "ఫోటో ఎందుకు, జాకెట్టే తీసుకెళ్ళి చూపియ్యి" అన్నాడు. అంత తేలికైన ఉపాయం ఆయన నోటి నుంచి వచ్చింది కాబట్టి నేను పట్టించుకోలేదు.

నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియో ఎత్తేస్తున్నారనీ, కెమెరా అమ్మకానికి ఉందనీ తెలిసింది. పాత కెమెరా ఎలా పరీక్షించాలో ఫోనులో వీడియోలు చూసి చూసి అప్పజెప్పేంత నేర్చుకున్నాను. లెన్సులోకి టార్చి వేసి బూజు ఉందేమో చూడాలి. తెల్లగోడను ఫోటో తీసి మచ్చలున్నాయేమో చూడాలి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, బటను ఇప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కారో లెక్క కెమెరా లోపలే ఉంటుంది, అది తీయించి చూడాలి.

మామయ్య బస్టాండులో నాకోసం ఎదురుచూస్తున్నాడు. గేదె బేరానికి వెళ్ళే వేషమే, తెల్లపంచె, భుజాన తువ్వాలు.

"వీడియోలన్నీ మరిచిపో," అన్నాడు ఆటోలో. "అమ్మేవోడు చూపిచ్చింది చూడగాకు. నువ్వు చూడాల్సింది నువ్వు చూడు."

స్టూడియో మేడ మీద ఉంది. యజమానికి నలభై దాటి ఉంటాయి, జుట్టుకు నిన్ననే రంగు వేసినట్టుంది. గోడల నిండా పెళ్ళికి ముందు తీసిన జంటల ఫోటోలు. అన్ని జంటలూ ఎత్తిపోతల జలపాతం ముందే, అందరిదీ ఒకే రకం సిగ్గు. ఎండాకాలం ముహూర్తాలకు జలపాతంలో నీళ్ళుండవు కదా అని నేను అనుమానపడితే ఆయన నవ్వి, నీళ్ళు లేని రోజుల్లో కంప్యూటర్లో తనే పోస్తానన్నాడు. పెళ్ళికొడుకు జుట్టు కూడా అవసరాన్నిబట్టి పోస్తాడట.

కెమెరా తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను టార్చి తీసేలోపు మామయ్య దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని బరువు చూశాడు. తిరగేశాడు. వాసన చూశాడు. బ్యాటరీ పెట్టే చోట మూత ఎత్తి లోపలికి తొంగిచూశాడు, తోక ఎత్తి చూసినంత శ్రద్ధగా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏమయ్యా, ఇది ఎన్నో ఈత?" అన్నాడు.

స్టూడియో ఆయన నా వంక చూశాడు. గేదె ఎన్నిసార్లు ఈనిందో అడిగినట్టే, బటను ఎన్నిసార్లు నొక్కారో అడుగుతున్నాడని నేను సర్దబోయాను. ఆయనా ముప్పాళ్ళ వైపు పల్లె మనిషేనట, సర్దాల్సిన పనిలేకపోయింది.

"తొలిచూలే అనుకో బాబాయ్. పెద్దగా పని చేసింది కాదు."

కంప్యూటరుకు తగిలించి లెక్క తీసి చూపించాడు. నేను ఆశ్చర్యపోయాను. పెళ్ళిళ్ళ స్టూడియోలో కెమెరా అంటే అరిగిపోయి ఉండాలి, ఇది దాదాపు కొత్తది. నా ఆనందం మొహంలో కనబడకుండా దాచుకుంటుంటే మామయ్య అనుమానంగా కళ్ళు చిట్లించాడు.

"ఇన్నాళ్ళు మేపి ఇంత తక్కువ పిండావేంది?"

"పిలిచేవాళ్ళేరి బాబాయ్?" అన్నాడాయన. "అందరి చేతుల్లో ఫోన్లు. మిగిలినోళ్ళు డ్రోన్లు ఎగరేసేవాళ్ళను పిలుస్తున్నారు."

తర్వాత మామయ్య కెమెరా పట్టుకునే చోట ఉన్న రబ్బరును గోటితో గీకి, ఊడితే బంక పెట్టి అతికించావుగదా అన్నాడు. అతికించానని ఆయన ఒప్పుకున్నాడు. మామయ్య నా వంక విజయగర్వంతో చూశాడు. లెన్సులో బూజు లేదు. తెల్లగోడ మీద మచ్చలు పడలేదు. నా వీడియోల ప్రకారం పరీక్ష పూర్తయిపోయింది.

స్టూడియో ఆయన ఉత్సాహంగా ఇదే కెమెరాతో తీసిన పెళ్ళి ఫోటోలు తెర మీద వేయబోయాడు. మామయ్య తువ్వాలు అడ్డం పెట్టి ఆపేశాడు.

"నువ్వు పిండితే ఇస్తది. అది నీ గేదె. మా పిల్ల చెయ్యి పెడితే ఇస్తదో తంతదో చూడాల."

పాడిగేదె కొనేవాళ్ళ పద్ధతి ఇది. కొనేవాళ్ళు ఆసామి ఇంటికి పోయి సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి తమ చేత్తో తామే పాలు పిండుకుని చూసుకుంటారు. ఒక్కపూట పాలను ఎవరూ నమ్మరు. మామయ్య ఇక్కడ కూడా రెండు పూటలన్నాడు. రాత్రికి స్టూడియోలో పడుకుంటాం, చాప ఉంటే చాలన్నాడు. నేను కాళ్ళావేళ్ళా పడితే, ఒకసారి నీడలో, ఒకసారి ఎండలో తీసి చూసుకునేటట్టు మామయ్య ఒప్పుకున్నాడు.

"తీసేది కూడా నీ పనే తియ్యి. గోడలు తీస్తే ఏం తెలుస్తది?" అన్నాడు నాతో.

మాచర్లవాళ్ళ నీలం జాకెట్టు ముక్క సంచిలోనే ఉంది. లోపల ట్యూబులైటు కింద బల్ల మీద పరిచి తీశాను. బాగానే వచ్చింది. మేడ మీద ఆరుబయట పిట్టగోడ మీద పరిచి ఇంకోటి తీశాను. మండుటెండ. కెమెరా వెనక తెర మీద తీగెలు పెద్దవి చేసి చూసుకుంటే నా ప్రాణం లేచొచ్చింది. దారం ఎక్కడ మొదలైందో గుడ్డ ఎక్కడ ఆగిందో తెలియనంతగా కలిసిపోయింది. ఇప్పుడు మాట్లాడమనండి ఆ మాచర్లామెను.

"చూడు మామయ్యా, ఎట్టా కలిసిపోయిందో!"

మామయ్య తెరను దూరంగా పట్టుకుని చూశాడు.

"బాగుందే. నల్లతీగె నీలం మీద ఎత్తుగా కనపడతంది."

"నలుపు యాడుంది? రెండూ నీలమే."

ఆయన కెమెరా స్టూడియో ఆయన చేతికిచ్చాడు. స్టూడియో ఆయన తెరకు అరచేత్తో నీడపట్టి చూశాడు. "నలుపే అక్కా. చక్కగా పడింది" అన్నాడు, నేను తన కెమెరాను మెచ్చుకుంటున్నాననుకుని.

నాకు ఒళ్ళు మండిపోయింది. రంగు సరిగా పట్టని కెమెరాను అంటగట్టాలని చూస్తున్నావా అన్నాను. తొలిచూలట, తొలిచూలు! ఎవరూ పిలవలేదంటే ఎందుకు పిలుస్తారు, పెళ్ళికూతురి ఎర్రచీర కాషాయం చేసి పంపించి ఉంటావన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆ మనిషి పిట్టగోడ మీదున్న జాకెట్టు ముక్క తీసుకుని, ఎండకు ఎత్తిపట్టి, మామయ్య వైపు తిప్పాడు.

"కెమెరా పక్కనబెట్టు బాబాయ్. గుడ్డ చూసి చెప్పు."

మామయ్య గుడ్డ చూశాడు. వేలితో తీగె మీద రాశాడు. ఆయన ముఖంలో ఆ జాలి చూపు వచ్చింది, గేదెను వద్దనే ముందు ఆసామి వైపు చూసే చూపు. ఈసారి ఆసామిని నేను.

"గుడ్డ మీదే నలుపుందే, అమ్మాయ్."

నేను ఆ ముక్క లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాను. దూరంగా పెట్టుకున్నాను. ఎండలోకి తిప్పాను, నీడలోకి తిప్పాను. రెండూ ఒకటే. నాకు భయం వేసింది. దాన్ని ఇంకో మాటతో చెప్పలేను. నా చేతిలో ఉన్నది నేను చేసిన పని, పక్కనున్న ఇద్దరికీ కనబడుతున్నది నాకు కనబడటం లేదు.

"ఈ పంచె ఏం రంగు?" అన్నాడు మామయ్య ఉన్నట్టుండి, తన కుచ్చిళ్ళు పట్టుకుని.

"మాసిపోయింది. పచ్చగా ఉంది. అత్త నీలిమందు పెట్టడం మానేసిందిగా."

"తెల్లగా ఉతికింది, పొద్దున ఇస్త్రీ చేసి కట్టిందే ఇది." ఆయన గొంతు తగ్గింది. "కంట్లో పొరలే. శుక్లాలు. నాకూ ఇంతే. ఆపరేషను గాకముందు మీ అత్త నీలం చీర కడితే, పండగ పూట నల్లచీరేందని నానా తిట్లూ తిట్టా. ముసలిదానికి కళ్ళు పోయినయ్యనుకున్నా. పోయినయ్యి నాయి."

మామూలుగా అయితే ఈ మాటకు నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. ఆకుపచ్చ కలవలేదన్నామె, పిస్తా వేశారన్నామె, ఏమీ అనకుండా రావడం మానేసిన వాళ్ళు, అందరూ వరసగా గుర్తొచ్చారు. వాళ్ళ ఫోన్లనూ, కళ్ళనూ, వంశాలనూ తిట్టాను. ఇంట్లో డబ్బా నిండా దారాలున్నాయి. వాటిలో ఏది ఏదో ఇక నాకు తెలియదు. పెళ్ళిళ్ళు ముందున్నాయి. రంగు కనబడని మగ్గం మనిషిని ఎవరు పిలుస్తారు?

స్టూడియో ఆయన కుర్చీ తెచ్చి వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. నేనన్న మాటలన్నీ విని కూడా ఒక ఉపాయం చెప్పాడు.

"ఆ తీగెలు కంప్యూటర్లో నీలం చేసేస్తానక్కా. చిటికెలో పని. మాచర్లవాళ్ళు ఫోటోయే గదా చూసేది."

సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు ఆశ పుట్టింది. ఎత్తిపోతలలో నీళ్ళు పోసినవాడికి నా తీగెలొక లెక్కా? ఆర్డరు చేతికొస్తుంది. తర్వాత సంగతి తర్వాత. ఊ అనడానికి నోరు తెరిచాను కూడా. అప్పుడు మామయ్య, నన్ను కాదు, ఆయన్ను అడిగాడు.

"ఫోటోలో నీలం చేస్తావు సరే. పిల్ల పీటల మీద కూచున్నాక ఒంటిమీదున్న జాకెట్టును ఏం చేస్తావయ్యా?"

తెరిచిన నోరు మూసుకున్నాను.

ఇక కెమెరా సంగతి. నాకు అక్కర్లేదు, పోదాం పదమన్నాను. మామయ్య కదల్లేదు. మన చేత్తో పిండుకుని చూసి, ఏ దోషమూ లేదని తేలాక వద్దంటే ఆసామిని అవమానించినట్టేనన్నాడు. పైగా, దోషం ఎక్కడుందో చూపించిన జీవాన్ని వదిలేసి పోతారా అన్నాడు. ఆయన ఒక వస్తువును ఇంత పట్టుబట్టి కొనిపించడం నేను చూడటం అదే మొదటిసారి. బేరం కూడా గేదె బేరమే. తువ్వాలు కప్పి దాని కింద స్టూడియో ఆయన చెయ్యి పట్టుకుని వేళ్ళు నొక్కాడు, సంతలో బేరం అట్లాగే చేస్తారు, ధర పక్కవాళ్ళకు తెలియకూడదని. పక్కన నేను తప్ప ఎవరూ లేరు. ఆ వేళ్ళ భాష స్టూడియో ఆయనకు ఎంత అర్థమయిందో కానీ, నొప్పికి తట్టుకోలేక సరేనన్నాడు. కెమెరాకున్న మెడపట్టీ ఊడదీసి ఆయనకే ఇచ్చేశాడు మామయ్య. గేదెను అమ్మినా పలుపుతాడు అమ్మినవాళ్ళ ఇంట్లోనే ఉండాలట, లేకపోతే పాడి తరిగిపోతుందట.

"నాకింకేం పాడి బాబాయ్," అన్నాడాయన. పట్టీ మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కెమెరాను ఆ నీలం ముక్కలోనే చుట్టి సంచిలో పెట్టుకుని మెట్లు దిగాం. కంటి డాక్టరు దగ్గరకు రేపే పోదామని మామయ్య దారంతా చెబుతున్నాడు. సూది మందు వేస్తే ఏమీ తెలియదట, కళ్ళు తెరిచేసరికి లోకమంతా కొత్త సున్నం కొట్టినట్టుంటుందట. నేను వింటున్నాను, నా మనసు మాచర్ల మీద ఉంది. ఆపరేషను ఎప్పుడవుతుందో, చూపు ఎప్పటికి కుదురుకుంటుందో. పెళ్ళి అందాకా ఆగదు. ఆ తీగెలన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి, ఈ కళ్ళతోనే కుట్టాలి.

"బస్టాండుకు కాదు మామయ్యా, దారాల కొట్టుకు పోవాల," అన్నాను.

కొట్టు ఆయన నన్ను చూడగానే అలవాటుగా రంగుల కార్డు పక్కకు తీసేసి, నీలం దారాల డబ్బా నా ముందుకు జరిపాడు. నేను చెయ్యి పెట్టలేదు. జాకెట్టు ముక్క మామయ్య చేతికిచ్చి "నువ్వు తియ్యి" అన్నాను. కొట్టు ఆయన నా వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. మామయ్య ఒక ఉండ తీసి గుడ్డ మీద పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి ఎండలో చూసి, తల అడ్డంగా ఊపి తెచ్చి డబ్బాలో పెట్టాడు. ఇంకోటి తీసుకుని వెళ్ళాడు, అదీ తెచ్చి పెట్టాడు. గిరాకీలు వెనక నిలబడిపోయారు. ఆయన ఎవరి వంకా చూడలేదు, మళ్ళీ మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి వస్తూనే ఉన్నాడు. చివరకు ఒక ఉండ తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"ఇదేనే, అమ్మాయ్. అచ్చం ఇదే."

తిప్పి చూసుకున్నాను. నాకు అదీ గుడ్డ మీది నల్లతీగె లాగే కనబడింది. అదే కొన్నాను.